నడి ఎండలో నలుపు

కనుమ నాటి మధ్యాహ్నం. గంగలకుర్రు అగ్రహారం ప్రభ ఎగువ కౌశిక కాలువలోకి దిగుతోంది. వెదురు చట్రానికి చుట్టిన రంగుల బట్టలు ఎండకు ధగధగలాడుతున్నాయి. ‘అశ్శరభ శరభ’ అంటూ మోసేవాళ్ళు నీళ్ళలో అడుగు మీద అడుగు వేస్తున్నారు. గట్టు మీద వీడియో తీస్తున్న కుర్రాడు తల మీద నల్ల కండువా కప్పుకుని, కెమెరాకు బిగించిన ఏడంగుళాల మానిటర్‌లోకి తొంగి చూస్తున్నాడు. తెర మీద అతనికి ప్రభ కంటే తన తెల్ల చొక్కాయే ఎక్కువగా కనబడుతోంది.

కోనసీమలోని మోసలపల్లి జగ్గన్నతోటలో 11 ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వచ్చి కలుసుకునే ఈ తీర్థం, 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలింది. కానీ ప్రభ నీళ్ళలో దిగే ఆ క్షణం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. తెర మసకగా ఉందని కుర్రాడు కాంతిని లోపలికి వదిలే లెన్స్ ఐరిస్‌ను ఎక్కువ తెరిచాడా, ఇంటికెళ్ళి చూసుకునేసరికి ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది, జరీ అంచులు మాయమైపోతాయి. అలా పోయిన వివరం ఎడిటింగ్‌లో తిరిగి రాదు. కెమెరా మీది చిన్న తెర పుట్టినప్పటి నుంచీ ఈ ఎండతోనే పోరాడుతోంది.

మొదట్లో తెర అంటే గాజు గొట్టమే. 1897లో జర్మనీ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ తయారు చేసిన కాథోడ్ కిరణ గొట్టం దానికి ఆద్యం. 1970లలో అమెరికాలో గారెట్ బ్రౌన్ స్టెడీక్యామ్ కనిపెట్టాడు. కెమెరాను ఒంటికి తగిలించుకుని పరుగెత్తే మనిషి వ్యూఫైండర్‌కు కన్ను ఆనించలేడు కదా! అందుకని స్టెడీక్యామ్ కింది భాగంలో చిన్న మానిటర్ పెట్టారు. ఎండలోనూ కనబడాలని దాని గొట్టానికి ఆకుపచ్చ కాంతినిచ్చే పూత వాడారు. మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునేది ఆ రంగునే. రంగులన్నీ వదులుకుని ఎండలో చూపు దక్కించుకున్నారన్నమాట.

ఈ గొట్టం స్థానంలోకి వచ్చిన ద్రవ స్ఫటికం (ఎల్‌సీడీ) కథ క్యారెట్‌తో మొదలైంది. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ సమ్మేళనాల మీద పనిచేసేవాడు. 1888లో వాటిలో ఒకటి అతన్ని తికమక పెట్టింది. 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మబ్బుగా ఉన్న ఆ పదార్థం, 178.5 డిగ్రీల దగ్గర తేటగా మారింది. ఆ రెంటి మధ్య అది ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులను వరుసలో నిలుపుకుంటుంది. ఆ వరుసను విద్యుత్తుతో తిప్పితే కాంతిని ఆపవచ్చు, వదలవచ్చు. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్‌మయర్ బృందం అలాంటి తెరను లోకానికి చూపింది. మామూలు వాతావరణంలో నిలకడగా పనిచేసే పదార్థాలను 1970ల తొలినాళ్ళలో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం తయారు చేసింది.

ఈ తెరకు సొంత వెలుగు లేదు. వెనక వెలిగే దీపాల కాంతిలో సగం మొదటి ధ్రువణ ఫలకం దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు మిగిలినదాన్ని ఇంకా తగ్గిస్తాయి. చివరికి బయటికొచ్చేది నూటికి ఐదు పాళ్ళు, మహా అయితే పది. మిగతాదంతా వేడే. వెలుగు పెంచే కొద్దీ బ్యాటరీ కరుగుతుంది, తెర కాగుతుంది. మరీ కాగితే అందులోని ద్రవ స్ఫటికం వరుస తప్పి మామూలు ద్రవమైపోతుంది, తెర మీద నల్ల మచ్చలు పడతాయి. రైనిట్జర్ చూసిన రెండో కరుగుదల ఇదే.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. చదరపు మీటరు మేర ఒక కొవ్వొత్తి కాంతి పరిస్తే దాదాపు ఒక నిట్. నడి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అది నిండుగా పడిన తెల్ల చొక్కా సుమారు 25,000 నిట్స్‌తో వెలుగుతుంది. మామూలు గాజు అందులో 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది, అంటే 1,000 నిట్స్. తెర 500 నిట్స్‌దైతే, చొక్కా ప్రతిబింబం పడిన చోట నలుపు 1,000గా, తెలుపు 1,500గా కనబడతాయి. తెలుపు నలుపుకు ఒకటిన్నర రెట్లే! బొమ్మ వెలిసిపోక ఏమవుతుంది?

తెరను 1,500 నిట్స్‌కు పెంచితే ఆ తేడా రెండున్నర రెట్లవుతుంది. అలా కాకుండా పాత 500 నిట్స్ తెరకే మంచి పూత వేసి, గాజు వెనక్కి కొట్టే కాంతిని 1 శాతానికి దించితే? నలుపు 250, తెలుపు 750. మూడు రెట్లు! దీపం పెంచకుండా, బ్యాటరీ ఖర్చు లేకుండా ఇంత లాభం. ఎండలో తెర గెలిచేది నలుపును కాపాడుకున్నప్పుడే.

అందుకే కొత్త మానిటర్లలో పైగాజుకూ తెరకూ మధ్య గాలి సందును పారదర్శకమైన జిగురుతో నింపుతున్నారు. ఆ సందు ఉంటే కాంతిని వెనక్కి కొట్టే తలాలు మరో రెండు చేరతాయి. 1987లో కొడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ వెలువరించిన పరిశోధనతో ఊపందుకున్న ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంత తానే వెలుగుతుంది. చీకటి గదిలో దాని నలుపు కాటుకే. కానీ ఎండలో ఆ కాటుక కూడా పైగాజు దయ మీదే ఆధారపడాలి. ఇక మినీ ఎల్ఈడీ తెరల్లో వెనక దీపాలను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, నల్లగా ఉండాల్సిన చోట తగ్గిస్తారు. వేలకు వేలు పోసి మానిటర్ కొనే పెళ్ళి వీడియోల కుర్రాళ్ళకు నా మాట ఒక్కటే: నిట్స్ అంకెతో పాటు పూత సంగతీ, గాలి సందు సంగతీ అడగండి. తెరను కొట్టు బయటికి తీసుకెళ్ళి ఎండలో చూడండి. షూటింగ్‌కు నల్ల చొక్కా వేసుకోండి, అది ఉచితంగా దొరికే పూత. కన్ను మోసపోయే చోట జీబ్రా చారలను నమ్మండి. అవి తెర వెలుగును బట్టి కాక, కెమెరా నుంచి వచ్చే సంకేతాన్ని బట్టి మితిమీరిన తెలుపును పట్టిస్తాయి.

ప్రభ అవతలి గట్టు ఎక్కుతోంది. కుర్రాడు కండువాను చొక్కా మీదికి దించి, అడ్డంగా పట్టుకున్నాడు. ఎదట తెర మీద తెల్లటి ప్రతిబింబం తప్పుకుంది. తడిసిన బట్టల మడతల్లో నలుపు కనబడింది. ఐరిస్ మీద వేలు కదపలేదు.