సెకండ్ హ్యాండ్ మోడల్ రైలింజన్ కొనొచ్చా? రూ.4,500 పోగొట్టుకుని నేను నేర్చుకున్నది

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? బ్యాటరీ హెల్త్, స్క్రీన్ మీద గీతలు, బిల్లు, బాక్స్. ఇదే లెక్కతో రెండేళ్ల కిందట నేనొక సెకండ్ హ్యాండ్ మోడల్ రైలింజన్ కొన్నాను. బాక్స్ ఉంది, రంగు మెరుస్తోంది, రూ.4,500 ఇచ్చేశాను. శ్రీనగర్ కాలనీలోని మా ఫ్లాట్‌కి తెచ్చి స్క్రూ విప్పానో లేదో, లోపలి చాసిస్ మారీ బిస్కెట్‌లా విరిగి చేతిలోకి వచ్చింది.

అది నాన్న కోసం కొన్నది. ఆయన మౌలాలి డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నారని తెచ్చాను. ఆ ముక్కలు చూసి ఏమీ అనలేదు. "బయట చూసి ఇంజిన్ ఎవరు కొంటార్రా?" అని మాత్రం అడిగారు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ప్రశ్నకి సమాధానమే.

ముందు స్కేల్ సంగతి తెలుసుకోండి

పాత మార్కెట్‌లో మనకి ఎక్కువగా తగిలేవి మూడు రకాలు. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. బ్రిటిష్ కంపెనీల ఓఓ 76వ వంతు. ఈ రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి. ఎన్ స్కేల్ ఇంకా చిన్నది, దాని పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే పెద్ద ఫోన్ కంటే కొంచెం పొడవు, అంతే. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ ముక్క మీద రైలు గుండ్రంగా తిరిగే ట్రాక్ పట్టేస్తుంది. మంచం కింద దాచుకోవచ్చు.

ఒక జాగ్రత్త. సంప్రదాయ మార్క్లిన్ హెచ్‌ఓ ఇంజిన్లు మూడు రైళ్ల ఏసీ పద్ధతిలో నడుస్తాయి. మామూలు రెండు పట్టాల 12 వోల్టుల డీసీ ట్రాక్ మీద అవి నడవవు. చవగ్గా వచ్చిందని తీసుకుంటే షోకేసులో పెట్టుకోవడమే.

కొత్తది ఎందుకు కాదు?

ధర. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెంచారు. స్కేల్ మోడల్స్ కూడా బొమ్మల టారిఫ్ హెడ్డింగ్ కిందకే వస్తాయి. అందుకే విదేశీ సైట్‌లో చూసిన ధరకీ, అది ఇంటికి చేరేసరికి అయ్యే ధరకీ పొంతన ఉండదు. ఇప్పటికే దేశంలో ఉన్న పాత ఇంజిన్‌కి ఈ బాధ లేదు.

మా ఏరియాలో ఇంకో సౌకర్యం ఉంది. పక్కనే కృష్ణానగర్‌లో సినిమాలకి సామాన్లు అద్దెకిచ్చే ప్రాపర్టీ గోడౌన్లు ఉన్నాయి. పాత టెలిఫోన్లు, టైప్‌రైటర్ల మధ్య ఒక గోడౌన్‌లో నా రెండో ఇంజిన్ దొరికింది. యూరప్‌లో తయారైన పాత హెచ్‌ఓ డీజిల్. బాక్స్ లేదు, ఒక బఫర్ విరిగింది, నడవదు. రూ.1,200. ఈసారి నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను.

కొనేముందు ఐదు నిమిషాల టెస్ట్

1. చాసిస్ చూడండి. పాత ఇంజిన్ల చాసిస్ చాలావరకు జింక్ మిశ్రమంతో పోత పోసినవి. పోత పోసేటప్పుడు అందులో సీసం కలిస్తే, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపల్లోపలే ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. దీన్నే 'జింక్ పెస్ట్' అంటారు. తేమ, వేడి ఉంటే ఇంకా త్వరగా పెరుగుతుంది. దీనికి మందు లేదు. సన్నటి పగుళ్లు, అరటిపండులా వంగిన చాసిస్, బాక్స్ అడుగున బూడిద రంగు పలుకులు కనిపిస్తే వెంటనే వదిలేయండి. నా మొదటి ఇంజిన్‌కి పట్టిన రోగం ఇదే. బాక్స్ అడుగున పలుకులు ఉన్నాయి, నేను దుమ్మనుకున్నా.

2. చక్రాలు చేత్తో తిప్పొద్దు, గేర్లు దెబ్బతింటాయి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు కట్టుకెళ్లి, ఇంజిన్ కరెంట్ తీసుకునే చక్రాలకి అటూ ఇటూ తాకించండి. మోటారు కాస్త 'గుర్ర్' అన్నా ప్రాణం ఉన్నట్టే.

3. ప్లాస్టిక్ గేర్ పళ్లు అరిగాయా, చీలాయా చూడండి. మోటారు తిరుగుతున్నా చక్రాలు కదలకపోతే తప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

4. పైన గీతలు, పోయిన రంగు, లేని బాక్స్... వీటిని బేరానికి వాడుకోండి, భయపడకండి.

గోడౌన్‌లో మా ఇంజిన్ ఏ శబ్దమూ చేయలేదు. నేను తల అడ్డంగా ఊపాను. నాన్న మాత్రం చాసిస్ వాసన చూసి నవ్వారు. "కొబ్బరినూనె పోశార్రా. లోపల జిగురైపోయి ఉంటుంది. తీసుకో."

రిపేర్: మూడు సాయంత్రాలు

ఆయన అన్నట్టే జరిగింది. ఎవరో షూటింగ్ హడావుడిలో కొబ్బరినూనె పోసినట్టున్నారు. అది గడ్డకట్టి గేర్లని అంటుకుపోయింది. ఫోన్ బోర్డులు శుభ్రం చేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్ బ్రష్‌తో మొదటి సాయంత్రం గేర్లు కడిగాం.

రెండో సాయంత్రం మోటారు. పాత డీసీ మోటారులో కమ్యుటేటర్ అనే రాగి భాగం ఉంటుంది. దానికి రెండు కార్బన్ బ్రష్‌లు స్ప్రింగుల బలంతో ఒరుసుకుంటూ కరెంట్ అందిస్తాయి. రాగి ముక్కల మధ్య సందుల్లో కార్బన్ పొడి నిండితే షార్ట్ అవుతుంది. టూత్‌పిక్‌తో ఆ సందులు గీకి, రాగిని ఆల్కహాల్‌తో తుడవాలి. మోటారు అయస్కాంతాన్ని మాత్రం బయటికి తీయకండి. కొన్ని పాత మోటార్లలో తీస్తే దాని శక్తి తగ్గిపోతుంది.

బ్రష్‌లు బాగా అరిగిపోయాయి. ఆ సైజు దొరకలేదు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి పెద్ద కార్బన్ బ్రష్ తెచ్చి, గరుకు కాగితం మీద రుద్ది సైజుకి తెచ్చాం. రుద్దింది నాన్నే. డబ్ల్యూడీఎం-2లో 2,600 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ కరెంట్ పుట్టిస్తుంది, చక్రాలని తిప్పేవి డీసీ మోటార్లే. వాటికీ ఇవే కమ్యుటేటర్లు, ఇవే బ్రష్‌లు. సైజే తేడా. ఆయన జీవితమంతా చేసిన పని ఇప్పుడు అరచేతిలో ఉంది. కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నారు, కానీ నా చేతికి ఇవ్వలేదు.

మూడో సాయంత్రం చక్రాల మీద కొత్త రబ్బరు టైర్లు ఎక్కించి, ప్లాస్టిక్‌కి హాని చేయని పల్చటి నూనె సూది మొనతో ఒక్కో చుక్క పెట్టాం. రిపేర్ ఖర్చు మొత్తం రూ.350. పవర్ ఇవ్వగానే ఇంజిన్ ఒకసారి వణికి, కదిలింది. నేను కేక వేశాను. నాన్న మాత్రం చెవి దగ్గర పెట్టుకుని విని, "ఎడమ బ్రష్ ఇంకా సర్దుకోలేదు, నెమ్మదిగా అరగంట తిప్పు" అన్నారు.

పాత ఫోనే కంట్రోలర్

ఇక మన టెక్ వాళ్లకి నచ్చే భాగం. డీసీసీ పద్ధతిలో ఇంజిన్ లోపల డీకోడర్ చిప్ ఉంటుంది. ప్రతి ఇంజిన్‌కీ ఒక అడ్రస్ కాబట్టి ఒకే ట్రాక్ మీద రెండు ఇంజిన్లని వేర్వేరు స్పీడ్‌లో నడపొచ్చు. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌తో ఆర్డుయినో మెగా, మోటార్ షీల్డ్, వైఫై బోర్డ్ కలిపి కమాండ్ స్టేషన్ మీరే చేసుకోవచ్చు. డ్రాయర్‌లో పడున్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'ఇంజిన్ డ్రైవర్' యాప్ వేస్తే అదే మీ కంట్రోలర్.

కానీ తొందరపడకండి. కొన్ని పాత మోటార్లలో ఒక బ్రష్ నేరుగా చాసిస్‌కి తగిలి ఉంటుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ కలిపితే డీకోడర్ కాలిపోతుంది. ముందు మల్టీమీటర్‌తో చెక్ చేయండి.

ఫైనల్‌గా... కొనొచ్చా?

పెట్టిన వెంటనే నడవాలి, వారంటీ కావాలి అనుకుంటే వద్దు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ఓపిక ఉంటే తప్పకుండా కొనండి. మొదటిసారి రూ.1,500 దాటొద్దు, చాసిస్ చూడకుండా డబ్బులివ్వొద్దు. జిగురుతో సీల్ చేసిన ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ పోతే పారేయడం తప్ప మనం చేసేది పెద్దగా ఉండదు. ఈ ఇంజిన్ నాకంటే వయసులో పెద్దది, నాలుగు స్క్రూలు విప్పితే మళ్లీ నడుస్తోంది.

మా దానికి డీకోడర్ ఇంకా పెట్టలేదు. పెడదామంటే నాన్న ఒప్పుకోవట్లేదు. ముందు విరిగిన బఫర్ సంగతి చూడాలట. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్లి చిన్న ఆకురాళ్లు వెతకాలని, నాకంటే ముందే చెప్పులు వేసుకుని నిలబడుతున్నారు.