వీరచక్రను చదివే పద్ధతి: అడ్మిరల్ రామదాస్ యుద్ధ పతకాలు – వాటి వెనుక ఉన్న సేవ

ప్రవేశిక

యుద్ధచరిత్ర పరిశోధనలో పతకాన్ని సాధారణంగా వ్యక్తి శౌర్యానికి తుది నిర్ధారణగా స్వీకరించడం కనిపిస్తుంది. పతకం నిజానికి ఒక పాలనాపత్రం వంటిది. ఎవరు సిఫారసు చేశారు, ఏ నిబంధన కింద ఇచ్చారు, ఆనాటికి ఏయే పతకాలు అందుబాటులో ఉన్నాయి అన్న ప్రశ్నలు వేస్తేనే అందులోని సమాచారం బయటపడుతుంది. 1990 నుండి 1993 వరకు భారత నౌకాదళాధిపతిగా పనిచేసి, 2024 మార్చి 15న హైదరాబాద్‌లో కన్నుమూసిన అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రామదాస్ పొందిన పతకాలు ఈ పరిశీలనకు తగిన ఉదాహరణ. ఆయన పేరు తరువాత అధికారికంగా రాసే క్రమం ఇది: పరమ విశిష్ట సేవా పతకం, అతి విశిష్ట సేవా పతకం, వీరచక్ర, విశిష్ట సేవా పతకం.

ఈ క్రమాన్ని చూసిన పాఠకుడు వీరచక్ర మూడవ స్థానంలో ఉండటం గమనించి, అది తరువాతి కాలంలో వచ్చిందనో, తక్కువ విలువైనదనో భావించే అవకాశం ఉంది. రెండూ పొరపాటే. ఛాతీపై పతకాల వరుసను నిర్ణయించేది ప్రభుత్వ ప్రాధాన్యక్రమం, కాలక్రమం కాదు. ఆ క్రమంలో శాంతికాల సేవకు ఇచ్చే మొదటి రెండు పతకాలు వీరచక్రకు ముందు వస్తాయి. 1971లో ముప్పై ఎనిమిదేళ్ల కమాండర్‌గా సంపాదించిన యుద్ధ పతకం, అందువల్ల, ఉన్నతాధికారిగా పొందిన పతకాల తరువాత నిలిచింది. ఏది ఎప్పుడు వచ్చిందో వరుసను బట్టి ఊహించిన జీవితచరిత్ర తప్పుదారి పడుతుంది.

వీరచక్ర నిబంధన

వీరచక్రను 1950 జనవరి 26న నెలకొల్పారు. అమలు తేదీని మాత్రం 1947 ఆగస్టు 15కు వెనక్కి జరిపారు. యుద్ధకాల శౌర్యపతకాలలో పరమవీరచక్ర, మహావీరచక్రల తరువాత దీని స్థానం. గుండ్రని వెండి పతకంపై అయిదు కోణాల నక్షత్రం, దాని నడుమ చక్రం ఉంటాయి. రిబ్బన్ సగం ముదురు నీలం, సగం నారింజ. నేలపై గాని, సముద్రంలో గాని, ఆకాశంలో గాని శత్రువు సమక్షంలో చూపిన శౌర్యానికే దీనిని ఇవ్వాలి. ‘శత్రువు సమక్షం’ అన్న ఈ షరతే ఇక్కడ కీలకం. పదాతి సైనికుడికి శత్రువు కంటికి కనిపిస్తాడు. సముద్ర దిగ్బంధంలో ఉన్న నౌకాధికారికి మాత్రం ఆ సమక్షం ఎక్కువగా నీటి అడుగున ఉన్న మందుపాతర, కనబడని జలాంతర్గామి రూపంలోనే ఉంటుంది.

బియాస్ చేసిన పని

రామదాస్ కమాండ్‌లో ఉన్న ఐఎన్ఎస్ బియాస్ 1960లో సేవలో చేరిన ఫ్రిగేట్. బ్రిటిష్ లెపర్డ్ తరగతికి చెందిన ఈ నౌక డీజిల్ ఇంజన్లతో నడిచేది. జంట గొట్టాల 4.5 అంగుళాల ఫిరంగులు రెండు దీని ప్రధానాయుధాలు. విమానాలను ఎదుర్కోవడం దృష్టిలో ఉంచుకొని రూపొందించిన నౌక ఇది. 1971 నవంబరులో ఏర్పడిన తూర్పు నౌకాదళ సమూహంలో, రియర్ అడ్మిరల్ ఎస్.హెచ్. శర్మ నాయకత్వంలో, విమానవాహక నౌక విక్రాంత్‌తో పాటు బియాస్ పనిచేసింది. బాయిలర్ లోపం వల్ల విక్రాంత్ పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. వేగం తగ్గిన విమానవాహక నౌక జలాంతర్గామికి సులభ లక్ష్యం. దానికి కాపుకాయడం తోడు నౌకల బాధ్యత.

డిసెంబరు 4 నుండి విక్రాంత్ విమానాలు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌లపై దాడులు చేశాయి. ఆ దాడుల వర్ణన చరిత్ర గ్రంథాలలో విస్తారంగా దొరుకుతుంది. దిగ్బంధం అంత ఆకర్షణీయమైన విషయం కాదు. వాణిజ్య నౌకలను ఆపడం, పత్రాలు పరిశీలించడం, నిషిద్ధ సరుకును అడ్డుకోవడం, లోతు తక్కువైన తీరజలాలలో మందుపాతరల భయంతో రోజుల తరబడి తిరగడం – వీటిలో కథనానికి పనికివచ్చే ఒక్క ఘట్టమూ లేకపోవచ్చు. అయితే తూర్పు పాకిస్తాన్‌లోని సైన్యానికి సముద్రమార్గంలో సహాయం రాకుండా, వెనక్కి వెళ్లే దారి లేకుండా చేసినది ఈ పనే. డిసెంబరు 16న ఢాకాలో జరిగిన లొంగుబాటును భూతల పోరుకే ఆపాదించే రచనలు ఈ అంశాన్ని విస్మరిస్తున్నాయి. రామదాస్ వీరచక్ర ప్రాముఖ్యం ఇక్కడే ఉంది: ఒక్క క్షణపు సాహసానికి కాక, కొనసాగిన ప్రమాదభరిత విధినిర్వహణకూ ఆ నిబంధన వర్తించిందని అది చూపుతుంది.

పతకం చెప్పనిది

విశాఖ ఎదుట జరిగిన సంఘటన దీనికి భిన్నం. డిసెంబరు 3–4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలో మునిగింది. అందులోని తొంభై మందికి పైగా నావికులు మరణించారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన జలాంతర్గామి విధ్వంసక బాంబుల వల్లే అది మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. ఆ నౌక కమాండర్ ఇందర్ సింగ్‌కు వీరచక్ర లభించింది. సొంత మందుపాతరలు పేలడమే కారణమని పాకిస్తాన్ వాదన. పతకం ఇచ్చారు కాబట్టి వివాదం తీరినట్లే అనడం తర్కం కాదు. ఆ రాత్రి చేసిన దాడికి గుర్తింపు ఇచ్చారన్నంత వరకే పతకం సాక్ష్యం. 2017లో వచ్చిన ‘ఘాజీ’ తెలుగు చిత్రం ఒక భారతీయ జలాంతర్గామిని కథానాయక స్థానంలో నిలపడంతో, పతకం పొందిన రాజ్‌పుత్ ప్రజాస్మృతిలో మరింత వెనక్కి జరిగింది. విద్యార్థులు ఆ చిత్రాన్ని ఆకరంగా ఉటంకించినప్పుడు ఈ తేడాను గుర్తుచేయడం అధ్యాపకుల పని.

విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ విషయం మరొక రకం. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయనకు బ్రిటిష్ శౌర్యపతకమైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ లభించింది. 1971లో మొత్తం తూర్పు సముద్ర యుద్ధాన్ని నడిపినందుకు ఆయనకు వచ్చింది పద్మభూషణ్, అంటే పౌర పురస్కారం. కారణం స్పష్టమే. యుద్ధకాలంలో ఉన్నతస్థాయి నిర్వహణకు ఇచ్చే యుద్ధసేవా పతకాలు 1980లో గాని ఏర్పడలేదు. సైనిక పతకాల జాబితాను మాత్రమే చూసి 1971 నాయకత్వాన్ని అంచనా వేసే పరిశోధకుడికి ఆ యుద్ధ ప్రధాన వ్యూహకర్త కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

శౌర్యపతకాలకు తోడుగా ఆ యుద్ధంలో పాల్గొన్నవారికి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ వంటివి ఇచ్చారు. ఇవి సాహసానికి గుర్తులు కావు. నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలంలో సేవచేసినట్లు ధ్రువీకరించేవి. బియాస్ ఇంజన్ గదిలో పనిచేసిన నావికుల జాడ వెదికేవారికి వీరచక్రల గెజిట్ కన్నా ఈ సామాన్య పతకాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

రామదాస్ కుటుంబ నేపథ్యం కూడా నౌకాదళ చరిత్రతో ముడిపడినదే. ఆయన భార్య లలిత, భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అడ్మిరల్ రామ్‌దాస్ కటారి కుమార్తె. కటారి 1958 నుండి 1962 వరకు ఆ పదవిలో ఉండి, విరమణ తరువాత ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడయ్యారు. మామ, అల్లుళ్ల పేర్లు కలగాపులగమయ్యే అవకాశం ఉన్నందున సూచికలలో జాగ్రత్త అవసరం.

బియాస్ కమాండర్ నౌకాదళాధిపతిగా ఉన్న 1992లోనే ఆ దళంలోకి మహిళా అధికారుల ప్రవేశం మొదలైంది. విరమణానంతరం ఆయన భారత–పాకిస్తాన్ ప్రజల మధ్య శాంతికోసం, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పనిచేశారు. 2004లో పాకిస్తాన్‌కు చెందిన పాత్రికేయుడు ఐ.ఎ. రెహమాన్‌తో కలిసి రామన్ మెగసెసె పురస్కారం అందుకున్నారు.