అండమాన్‌కు పోయేవాళ్లు తెలుసుకోవాల్సింది

అండమాన్ దీవులు బంగాళాఖాతంలో ఉన్నాయి. విశాఖపట్నం నుంచి ఓడలో పోతే రెండు రోజులకు పైనే పడుతుంది. ఓడ దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు.

సెలవులకు వచ్చినవాళ్లు సెల్యులార్ జైలు చూస్తారు. తర్వాత చాలామంది బారాటాంగ్ సున్నపురాయి గుహలకు పోతారు. ఆ రోడ్డు జరావాల అడవిలో నుంచి పోతుంది. జరావాలు కూడా మనలాగే ఆదివాసులు. అక్కడ బండ్లన్నీ వరసగా పోవాలి. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. ఎందుకంటే బయటి రోగాలు వాళ్లకు తొందరగా అంటుకుంటాయి. 1999లో, 2006లో వాళ్లకు తట్టు సోకింది.

అయినా కొందరు వినలేదు. తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్లతో డాన్సు చేయించిన వీడియో 2012లో బయటపడింది.

మిత్రులారా! మన సంతలో మనల్ని అట్లా ఆడమంటే మనకెట్లా ఉంటుంది? చుట్టంగా పోయినవాళ్లు ఆ ఇంటివాళ్లకు మర్యాద ఇవ్వాలి.