పొమ్మన్నా పోని ఫైళ్లు... పిలవకున్నా వచ్చే ప్రోగ్రాములు

భద్రాచలం: కుల ధ్రువపత్రం కావాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలన్నా ఏజెన్సీ జనానికి నెట్ సెంటరే దిక్కయింది. దుమ్ముగూడెం, చర్ల వైపు వారే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక, కూనవరం మండలాల వారు కూడా పనుల మీద భద్రాచలం వస్తూనే ఉంటారు. ఇలా వచ్చేవారు ఇచ్చే ఆధార్, పోడు పట్టా, బ్యాంకు పుస్తకం ప్రతులు దుకాణం కంప్యూటర్‌లోనే మిగిలిపోతుంటాయి. పని అయ్యాక తీసేద్దామంటే కొన్ని ఒక పట్టాన పోవు.

'ఈ ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది' అంటూ విండోస్ మొరాయించడం మామూలే. ఇందులో మాయేమీ లేదు. పీడీఎఫ్ చూపే ప్రోగ్రామో, మరొకటో ఆ ఫైలును పట్టుకుని కూర్చుంటుంది. పైకి మూసేసినా లోపల నడుస్తూనే ఉండవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఆ ప్రోగ్రామ్‌ను వెతికి 'ఎండ్ టాస్క్' కొడితే పట్టు వదులుతుంది. అప్పటికీ వినకపోతే రీస్టార్ట్ చేయాలి, అదీ కాకుంటే సేఫ్ మోడ్‌లో తెరిచి తీసేయాలి. అయితే విండోస్ ఫోల్డర్‌లోని ఫైళ్ల జోలికి మాత్రం పోరాదు. అవి ఇంటి దూలాల వంటివి.

పిలవని ప్రోగ్రాముల బాధ వేరు. ఫొటో సైజు తగ్గించేదో, అను ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చేదో ఉచితంగా దొరికిందని దించుకుని, చదవకుండా 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కితే దాని వెంట మరో రెండు దిగుతాయి. ఇక ప్రకటనలే ప్రకటనలు. సెట్టింగ్స్‌లో 'యాప్స్' తెరిచి వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. బ్రౌజర్‌లోని ఎక్స్‌టెన్షన్లనూ చూడాలి. చాలామంది ఈ రెండో పని మరచిపోతారు. తీసినా మళ్లీ వస్తుంటే విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. దొంగ విండోస్‌ను నడిపించే 'క్రాక్' కోసం ఆ డిఫెండర్‌నే ఆపేయడం దొంగకు తాళంచెవి ఇవ్వడమే.

అసలు చిక్కు మరొకటి ఉంది. పోయిందనుకున్న ఫైలు నిజంగా పోదు. మామూలుగా డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లో పడి ఉంటుంది. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినా పట్టికలో పేరు కొట్టేసినట్టే గాని, కాగితం బీరువాలోనే ఉన్నట్టు లెక్క. ఆ చోట మరొకటి రాసేదాకా పాత హార్డ్ డిస్కు నుంచి దాన్ని తిరిగి తీయవచ్చు. విండోస్‌లోనే ఉన్న 'సైఫర్' ఆదేశంతో డిస్కులోని ఖాళీ జాగాను తిరగరాయించవచ్చు. అది గంటల పని, రద్దీ వేళ కుదరదు. రాత్రి దుకాణం కట్టే ముందు మొదలుపెట్టుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సైతం అవసరం తీరిన సమాచారాన్ని చెరిపేయాలనే అంటోంది.

ఇప్పుడు చాలామంది తమ కాగితాలను దుకాణం వాట్సాప్‌కే పంపుతున్నారు. తర్వాత 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కినా, అప్పటికే దించుకున్న ప్రతి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. రశీదు తీసుకునేటప్పుడే దాన్ని, రీసైకిల్ బిన్‌ను తమ ఎదుటే ఖాళీ చేయించుకుని వెళ్లడం మేలు.