ఏ యీడున కే పుస్తకము?

వేసవి సెలవులు వచ్చినతోడనే పిల్లలను వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు వచ్చు తలిదండ్రులు గ్రంథపాలకుని సాధారణముగా కోరునది ఒక్కటే: "మా వాడికి తెలివి పెరిగే పుస్తకాలేవైనా ఇవ్వండి." ప్రక్కనే నిలిచి బీరువా అద్దములలోనుండి అట్టల బొమ్మలు చూచుచున్న ఆ పిల్లవానికి ఏమి కావలెనో వానినే అడుగువారు మాత్రము అరుదు. గ్రంథాలయశాస్త్రమునకు మన దేశమున పునాదులు వేసిన రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, ప్రతి పాఠకునకును తగిన పుస్తకము లభింపవలెననునది ఒకటి, ప్రతి పుస్తకమునకును తగిన పాఠకుడు దొరకవలెననునది మరియొకటి. పుస్తకముల నెరిగి, పిల్లల నెరిగి, ఆ రెండు సూత్రములను ఒక్కచోట సంధింపగలిగినవాడే పిల్లలకు పుస్తకము సూచించుట కర్హుడు.

అక్షరములు కూడబలుకుకొను వయస్సులో పుస్తకము కంటికంటె ముందు చెవికి అందవలెను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణులు ప్రారంభించిన చందమామ పాత సంపుటములు ఈ పనికి నేటికిని మిక్కిలి అనువైనవి. అందలి బేతాళకథను చదివి వినిపించు తండ్రి, బేతాళుడు ప్రశ్న వేసినచోట ఆగి, "నువ్వైతే ఏమంటావు?" అని పిల్లవాని నడిగి, వాడు తడబడుచు చెప్పు తీర్పును కడవరకు విని, ఆ పిమ్మటనే విక్రమార్కుని సమాధానమును చదువవలెను. ధర్మసంకటమును తన బుద్ధితో తూచుకొనుట ఎనిమిదేండ్ల బిడ్డకు ఇంతకంటె సుఖముగా అలవడు మార్గము మరియొకటి లేదు.

తొమ్మిదవ యేడు దాటిన పిల్లలకు తోడు అక్కరలేదు. తగిన పుస్తకము కావలెను. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన బాల్యమును చెప్పుకొన్న గ్రంథము ‘రైలుబడి’ యను పేర తెలుగున దొరకుచున్నది. అల్లరి భరింపలేక ఒక బడివారు వెళ్లగొట్టిన చిన్నపిల్ల, పాత రైలుపెట్టెలలో నడచుచున్న టొమోయే బడికి వచ్చిన దినమున, ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని, చెప్పదలచినదంతయు చెప్పుమని, నాలుగు గంటలసేపు విసుగులేక వినెను. తన మాట పెద్దలెవరును వినరను దిగులు గల ప్రతి పిల్లకును ఆ ఘట్టము తన కొరకే వ్రాసినట్లుండును. సాహసము కోరువారికి నండూరి రామమోహనరావు తెలిగించిన ‘కాంచనద్వీపం’ ఉండనే ఉన్నది. ముళ్లపూడి వెంకటరమణ వ్రాయగా బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’ను మాత్రము రెండుమారులు సూచింపవలెను, ఏలయనగా తొమ్మిదవ యేట బుడుగు అల్లరికి నవ్వినవాడు, పదునైదవ యేట మరల చదివి, ఆ అల్లరిలో బయటపడిన పెద్దల గుట్టునకు నవ్వును.

చిక్కంతయు పదమూడవ యేటినుండి మొదలగును. నూనూగు మీసములు వచ్చుచున్న బాలునకు రాజకుమారుల కథలు చిన్నతనముగా తోచును; ‘వేయిపడగలు’ వంటి మహాగ్రంథమును చూడగానే గుండె జారిపోవును. ఆంగ్లమున ఈ వయస్సువారి కొరకే ప్రత్యేకముగా వ్రాయుట పెద్ద ప్రచురణశాఖగా పెరిగినది గాని, తెలుగున అట్టి రచన స్వల్పము. అందుచేత మన గ్రంథాలయములలో కౌమారులకు ఒక అర ఏర్పడవలెనన్నచో, దానిని పెద్దల సాహిత్యమునుండి గ్రంథపాలకుడే ఏరి కూర్చవలసియున్నది. అదియే అతని పనిలో కఠినమైనదియు, గౌరవప్రదమైనదియు.

ఏరదగిన గ్రంథములకు కొదువ లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి సృష్టించిన బారిస్టరు పార్వతీశము మొగలితుర్రునుండి ఇంగ్లండునకు బయలుదేరి, దొరల టోపీ యనుకొని దొరసానుల టోపీ కొని పెట్టుకొనిన వృత్తాంతమును చదివినచో, కొత్త ఊరి కాలేజీలో ఎక్కడ నవ్వులపాలగుదునో యని లోలోపల బెదరుచున్న పదునారేండ్లవానికి ఆ బెదురు సగము తీరును. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు సీమ పల్లెను, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరి ముస్లిము వాడను అచ్చటి నుడికారముతోనే నిలిపిరి, ఇంట మాటలాడుకొను భాష అచ్చులో కనబడినప్పుడు పాఠ్యపుస్తకమునకు ముఖము చాటువేయువాడును పుట త్రిప్పును. కథలు రుచింపని శాస్త్రాభిలాషికి నండూరివారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’ ఇయ్యవచ్చును. అలెక్స్ హేలీ నవలకు సహవాసి తెలుగు రూపమైన ‘ఏడుతరాలు’ మనస్సును కలచివేయునది గనుక, పై తరగతుల పిల్లలకిచ్చి, చదివిన పిదప వారితో ఇంట మాటలాడుట మేలు.

సూచించు విధమును గూర్చి రెండు మాటలు. ఒకేమారు ఇరువది పేర్లు చెప్పక, మూడు పుస్తకములు చేతికిచ్చి, నడుమనున్న ఒక పుట చదివి చూచుకొమ్మని, నచ్చనిదానిని తిరిగి యిచ్చు స్వాతంత్ర్యమును పిల్లలకే విడువవలెను. చదివి తెచ్చిన వెంటనే నీతి యేమని ప్రశ్నింపరాదు. ఆ ప్రశ్నతో గ్రంథాలయము మరియొక తరగతి గదియగును. తాళము వేసిన బీరువాలోని పుస్తకము ఎంత గొప్పదైనను పిల్లలకు లేనిదే. బాలల విభాగమున అరలు తెరచి, వారి చేతికందు ఎత్తున ఉండవలెను.

పుస్తకము పాఠకుని వద్దకే పోవలెననుట మనకు క్రొత్త గాదు. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువలో పడవమీద గ్రంథాలయమును నడపిరి. నేడు మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాము. ఆ ధనముతో కొన్న పుస్తకములలో మన పిల్లలకు భాగము కలదు. కావున ఈ ఆదివారము మీ పిల్లలను శాఖా గ్రంథాలయమునకు తీసికొనిపోయి, వారి పేర సభ్యత్వము కట్టి, మొదటి పుస్తకమును వారినే ఎంచుకొననిండు. బాలల అర లేనిచోట దానికై జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ వ్రాయుడు.