పాజిటివ్ అంటే రోగమేనా?

పెళ్లయి ఏడాదయింది. పిల్లల కోసం డాక్టరమ్మ దగ్గరకు వెళితే 'టార్చ్' పరీక్ష రాశారు. రిపోర్టులో టాక్సోప్లాస్మా ఎదురుగా 'ఐజీజీ పాజిటివ్' అని ఉంది. ఇంట్లో సణుగుడు మొదలైంది: "ఈ జబ్బు పుట్టింటి నుంచే తెచ్చుకుందా?" ఆ అమ్మాయికి కంటి మీద కునుకు లేదు. ఇలాంటి సంగతి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో జరిగే ఉంటుంది. నిజానికి ఆ కాగితం చెప్పేది వేరు.

టాక్సోప్లాస్మా కంటికి కనిపించని పరాన్నజీవి. పిల్లి మలం కలిసిన మట్టి, నీరు, సరిగా కడగని కూరలు, ఉడకని మాంసం ద్వారా ఒంట్లో చేరుతుంది. చాలామందికి వచ్చినట్టే తెలియదు. కొందరికి కాస్త జ్వరం వచ్చి, మెడ దగ్గర బిళ్లలు కడతాయి, అంతే.

ఐజీజీ కవచమే!

ఒకసారి సోకాక శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. గర్భానికి ముందు ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ వస్తే అది ఎప్పుడో వచ్చిన ఇన్‌ఫెక్షన్ అన్నమాట. బిడ్డకు భయం లేదు. వరుస గర్భస్రావాలకు ఈ పాత ఇన్‌ఫెక్షన్‌ను నిందించడమూ సరికాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండూ నెగెటివ్ వచ్చినవారికే రక్షణ లేనిది. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డకు పాకవచ్చు. తొలి నెలల్లో పాకే అవకాశం తక్కువే కానీ, పాకితే నష్టం ఎక్కువ. గర్భస్రావం కావచ్చు, బిడ్డ తలలో నీరు చేరవచ్చు, చూపు దెబ్బతినవచ్చు.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా కంగారుపడి గర్భం తీయించుకోవద్దు. అది నెలల తరబడి రక్తంలో కనబడుతుంది. ఎవిడిటీ పరీక్షతో కొత్తదా, పాతదా అన్నది తేల్చుకోవచ్చు. గర్భానికి ముందే కొత్తగా సోకిందని తేలితే ఆరు నెలలు ఆగడం మంచిది.

ఫ్రాన్స్‌లో 1978లో పెళ్లికి ముందే ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. పెళ్లికి ముందు వైద్య పరీక్ష నిబంధనను 2007లో తొలగించారు. ఎవరికి జాగ్రత్త అవసరమో తెలుసుకోవడానికే ఆ పరీక్ష, పిల్లకు వంక పెట్టడానికి కాదు.

ఇవి పాటించండి

మనుషులకు దీనికి టీకా లేదు. జాగ్రత్తే మందు.

* మాంసం మెత్తగా ఉడికించాలి. ఉప్పూకారం చూద్దామని పచ్చిది నోట్లో వేసుకోవద్దు.
* మాంసం కోసిన కత్తిపీట, చేతులు సబ్బుతో కడిగాకే కూరలు తరగండి.
* ఆకుకూర, కొత్తిమీర రెండుమూడు నీళ్లలో కడగాలి.
* మట్టిపని చేశాక చేతులు శుభ్రంగా కడుక్కోండి.
* పిల్లిని తరిమెయ్యక్కర్లేదు. దాని మలం ఏ రోజుకారోజు వేరేవాళ్లతో తీయించండి.

అత్తయ్యలూ! ఈసారి రిపోర్టులో 'పాజిటివ్' కనిపిస్తే కోడల్ని కాదు, డాక్టరును అడగండి.