రేగు చెట్టు కింద ఏలీయా

తెలుగు బైబిల్‌లో ‘అరణ్యము’ అన్న మాట చదవగానే మన కళ్ల ముందు పచ్చని అడవి మెదులుతుంది. అరణ్యకాండ కథలు వింటూ పెరిగిన నేల మనది కాబట్టి చెట్లు, సెలయేళ్లు, పక్షుల కిలకిలలు గుర్తొస్తాయి. కాని ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు తిరిగిన అరణ్యం అది కాదు. హెబ్రీ భాషలోని ‘మిద్బార్’ అంటే జనం కాపురం ఉండని బీడు. వాన పడితే కొన్నాళ్లు గొర్రెలకు మేత దొరుకుతుంది. ఆ తర్వాత రాళ్లు, ముళ్లపొదలు, ఎండ! అక్కడ రొట్టె కావాలంటే ఆకాశం నుండే కురవాలి, నీళ్లు కావాలంటే బండ లోంచే రావాలి (నిర్గమ 16, 17 అధ్యాయాలు). మనిషి తెలివి, పలుకుబడి, డబ్బు చెల్లని చోటు అది.

మేము పరిచర్య చేస్తున్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కూడా ఒకప్పుడు రాళ్ల గుట్టలే. 1976లో పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైన రోజుల్లో ఈ ప్రాంతమంతా గ్రానైట్ బండలు, పొదలే ఎక్కువ. ఆ పాత రూపం చూడాలంటే ఇప్పుడు 1998లో జాతీయ వనంగా ప్రకటించిన కె.బి.ఆర్. పార్కులోకి వెళ్లాల్సిందే. బండలు పోయి భవనాలు లేచాయి, ఊరు వెలుగులతో నిండింది. కాని ఆ వెలుగుల వెనుక ఎన్ని అరణ్యాలున్నాయో కృష్ణానగర్ గదుల్లో అవకాశం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వారిని అడిగితే తెలుస్తుంది. ఒక్కో గదిలో ఆరుగురుంటారు, ఫోన్‌లో వందల పేర్లుంటాయి. అయినా మనసు విప్పి మాట్లాడడానికి ఒక్కరూ ఉండరు!

అలాంటి యవనస్తులు పద్నాలుగు మందితో ఒక జనవరిలో గండికోటకు వెళ్లి, రెండు రాత్రులు గుడారాల్లో గడిపాం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే చోటది. కొండల్ని ఏరు చీల్చుకుని పోయే సందును మన పెద్దలు గండి అన్నారు, కోటకు ఆ పేరే వచ్చింది. అది ఎడారి కాదు గాని, వానలు మొహం చాటేసే రాయలసీమ నేల. ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఎర్రని రాతిపొరలు, వాటి మధ్య ఎంతో లోతున నది. మోషే నడిచిన దారి ఎలాంటిదో ఊహించుకోవడానికి తెలుగువారికి అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టేశాం. మొదటి రాత్రి చాలామందికి నిద్ర పట్టలేదు. చలి ఒక కారణమైతే, అలవాటు లేని నిశ్శబ్దం మరో కారణం.

రెండో రోజు తెల్లవారుజామునే రాళ్ల వెంట నడక మొదలుపెట్టాం. పది గంటలయ్యేసరికి బండలు కాలడం మొదలైంది. దారిలో నీడ అంటూ ఉన్నది ఒక రేగు చెట్టు కిందే. అక్కడే కూర్చుని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదువుకున్నాం. యెజెబెలుకు భయపడి పారిపోయిన ఏలీయా ఒక చెట్టు కింద కూర్చుని, ఇక బతకలేనని దేవునితో మొరపెట్టుకున్న భాగమది. హెబ్రీలో ‘రోతెమ్’ అనే ఎడారి పొద పేరును మన అనువాదకులు బదరీవృక్షం అన్నారు. బదరి అంటే మన రేగే! చదవడం పూర్తయ్యాక సహాయ దర్శకుడుగా పనిచేసే ఒక తమ్ముడు మెల్లగా అన్నాడు: “అయ్యగారూ, ఏలీయా అడిగిందే ఆర్నెల్లుగా నేనూ అడుగుతున్నాను.” ఏడేళ్లుగా కథ పట్టుకుని తిరుగుతున్నాడు. అప్పులు పెరిగాయి. పేరు తెర మీద ఎప్పుడు పడుతుందని ఊళ్లో తండ్రి అడిగినప్పుడల్లా అబద్ధం చెబుతున్నాడు. అతని అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం.

అలాంటి మాట విన్నప్పుడు విశ్వాసులకు వెంటనే ప్రసంగం గుర్తొస్తుంది. కాని దేవుడు ఏం చేశాడో చూడండి. ఏలీయాను గద్దించలేదు, అతని అవిశ్వాసాన్ని ఎత్తిచూపలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. వెళ్లాల్సిన దారి అతని శక్తికి మించినదని దూతే ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే నలభై రోజుల ప్రయాణం, హోరేబు కొండ, నెమ్మదైన ఆ స్వరం. మరో సంగతి గమనించారా? బెయేర్షెబాలో తన పనివాణ్ని వదిలేసి ఏలీయా ఒంటరిగా వెళ్లాడు. దేవుడు అతణ్ని తిరిగి పంపేటప్పుడు మాత్రం ఎలీషాను తోడుగా చూపించాడు, అతనికి తెలియని ఏడు వేలమంది ఉన్నారనీ చెప్పాడు.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. యేసుప్రభువు తరచూ అరణ్య ప్రదేశాలకు వెళ్లి ప్రార్థించాడు (లూకా 5:16). అది తండ్రితో గడిపే ఏకాంతం. అందరూ ఉన్నా ఎవరూ లేనట్టుండే ఒంటరితనం సాతానుకు అనువైన చోటు. జనం చూస్తుండగా ఆలయ శిఖరం నుండి దూకమని అతడు ప్రభువును శోధించింది కూడా అరణ్యంలో ఆకలితో ఉన్న రోజుల్లోనే. చప్పట్ల కోసం బతకమనే ఆ శోధన ఫిల్మ్‌నగర్‌కు కొత్తది కాదు, చర్చి వేదికలకూ కొత్తది కాదు!

ఆ మధ్యాహ్నం ఎవరమూ ప్రసంగం చేయలేదు. ఊళ్లో ఒక ఇంట్లో వండించిన సంగటి, చెనిక్కాయల పచ్చడి తిన్నాం. ఆ తమ్ముడు సాయంత్రం దాకా నిద్రపోయాడు. రాత్రి చుక్కల కింద ముగ్గురు స్నేహితుల దగ్గర కడుపులోని బాధంతా చెప్పుకున్నాడు. నగరానికి వచ్చాక వారిలో ఇద్దరు అతనితో కలిసి ఉంటున్నారు. సంఘంలోని ఒక డాక్టరు దగ్గరుండి వైద్యం చేయించారు. తండ్రికి నిజం చెప్పేశాడు. సినిమా అవకాశం మాత్రం ఇంకా రాలేదు. కాని చావాలన్న ఆలోచన రాలేదని ప్రతి ఆదివారం చెబుతున్నాడు. మాకు అదే పెద్ద సాక్ష్యం.

హోరేబు నుండి కాదేషు బర్నేయకు పదకొండు రోజుల ప్రయాణం (ద్వితీ 1:2). ఇశ్రాయేలీయులకు కనాను చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్లూ మేఘం కదిలితే గుడారం పీకారు, ఆగితే వేసుకున్నారు (సంఖ్యా 9 అధ్యాయం). అరణ్యం దేవుని ప్రజలకు మజిలీయే గాని ఇల్లు కాదు. అయితే ఆ మజిలీ దాటేదాకా పక్కన ఎవరో ఒకరుండాలి. మీ సంఘంలో, మీ వీధిలో, బహుశా మీ ఇంట్లోనే ఇక చాలని కూర్చున్న ఏలీయా ఎవరో ఈ వారం వెదకండి. వెళ్లేటప్పుడు రొట్టె, నీళ్లు తీసుకెళ్లండి. ప్రసంగానికి తర్వాత వేళ ఉంటుంది.